గాలి మీద బండి నడిపిన పశువుల డాక్టరు

సావనీరుకి ఎవరైనా శాస్త్రజ్ఞుడి జీవితం రాసిమ్మని మా సంఘం కార్యదర్శి అడిగాడు. రామన్ గారి గురించీ, ఐన్‌స్టీన్ గురించీ ఏటా ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. నేను రాయదలచుకున్నవాడు ఆ కోవలోకి రాడు. ఆయన్ని శాస్త్రజ్ఞుడని మన లెక్చరర్లు ఒప్పుకుంటారో లేదో కూడా అనుమానమే. వృత్తి పశువుల వైద్యం. పేరు జాన్ బాయిడ్ డన్‌లప్.

ఈ పేరు మా ఇంట్లో నాకు ఊహ తెలియక ముందు నించీ ఉంది. ఆమదాలవలస చక్కెర ఫ్యాక్టరీ నడిచే రోజుల్లో మా తాత చెరకు తోలిన రబ్బరు చక్రాల బండిని మావాళ్ళు డన్‌లప్ బండి అనేవారు. అంతకు ముందుది ఇనప పట్టా బండి. వర్షాకాలం వస్తే పట్టా బురదలోకి కత్తిలా దిగిపోయేదట, ఎద్దుల మెడలు పుళ్ళు పడేవట. డన్‌లప్ అన్నది ఒక మనిషి పేరని ఇంటరుకి వచ్చేదాకా నాకు తెలీదు.

ఆయన 1840 ఫిబ్రవరి 5న స్కాట్లండులో డ్రెగార్న్ అనే పల్లెలో పుట్టాడు. రైతు బిడ్డే. ఎడింబరోలో పశువైద్యం చదివి, 1867లో ఐర్లండు చేరి, కొన్నాళ్ళకి బెల్‌ఫాస్టులో స్థిరపడ్డాడు. వైద్యం బాగా సాగింది. ఆ దేశంలో పెద్ద పశువైద్యశాలల్లో ఆయనదీ ఒకటయింది. అక్కడితో ఆగిపోయి ఉంటే నేను ఈ వ్యాసం రాసేవాణ్ణి కాదు.

1887లో ఆయన కొడుక్కి మూడు చక్రాల సైకిలు ఉండేది. చక్రాలకి గట్టి రబ్బరు. బెల్‌ఫాస్టు వీధులన్నీ రాళ్ళు పరిచినవి. కుర్రాడి ఎముకలు కదిలిపోయేవి. ఆ అదురు తగ్గించే ఉపాయం కోసం డన్‌లప్ పల్చటి రబ్బరు రేకుతో గొట్టం చేసి, ఒక చెక్క చక్రం చుట్టూ బిగించి, పైన గుడ్డ చుట్టి, ఫుట్‌బాల్ పంపుతో గాలి కొట్టాడు. తర్వాత ఆయన చేసిన పని నాకు మహా ఇష్టం. సైకిలుకున్న పాత చక్రాన్నీ, తన గాలి చక్రాన్నీ పెరట్లో ఒకేలా దొర్లించి చూశాడు. పాతది కొంతదూరం పోయి పడిపోయింది. గాలి చక్రం పెరడంతా దాటి గేటుకి కొట్టుకుని వెనక్కి ఎగిరింది. మన ప్రాక్టికల్స్‌లో రికార్డు నింపడానికి చేసే ప్రయోగాలతో పోల్చుకుంటే సిగ్గేస్తుంది. అదురు తగ్గడం ఒక్కటే కాదు, తోయడానికి పట్టే బలం కూడా తగ్గిందని ఆయనకి ఆ గేటు దగ్గరే తెలిసింది.

1888 డిసెంబరు 7న పేటెంటు వచ్చింది. మరుసటేడు మే 18న బెల్‌ఫాస్టు క్వీన్స్ కాలేజీ మైదానంలో విల్లీ హ్యూమ్ అనే ఆటగాడు గాలి టైర్ల సైకిలెక్కి, పాల్గొన్న నాలుగు పందాలూ గెలిచాడు. ఓడినవాళ్ళలో హార్వే డూ క్రో అనే వ్యాపారి కొడుకులున్నారు. తండ్రి తెలివైనవాడు, కొడుకులు ఎందుకోడారో చూసి, డన్‌లప్‌ని కలుపుకుని డబ్లినులో కంపెనీ పెట్టాడు.

అప్పుడొచ్చింది పిడుగు. పేటెంటు చెల్లదన్నారు. రాబర్ట్ విలియం థామ్సన్ అనే మరో స్కాట్లండువాడు ఇదే ఊహకి 1845లోనే పేటెంటు తీసుకున్నాడు. అప్పటికి మన సైకిళ్ళూ లేవు, మోటార్లూ లేవు, రబ్బరు ఖరీదు. అంచేత లోకం మరిచిపోయింది. థామ్సన్ 1873లోనే పోయాడు. టైరు ఊడకుండా పట్టే రిమ్ము, గాలి పోకుండా ఆపే వాల్వు, వీటి మీద ఇతరుల పేటెంట్లు కొనుక్కుని కంపెనీ నిలదొక్కుకుంది. 1896లో కంపెనీని 30 లక్షల పౌండ్లకి అమ్మారు. కొన్నవాడు వెంటనే దాన్ని 50 లక్షలకి మళ్ళీ వాటాలుగా వదిలాడు. డన్‌లప్‌కి ఆ సొమ్ములో ముట్టింది తక్కువే. ఆ ఏటికల్లా ఆయన తప్పుకున్నాడు. తర్వాత డబ్లినులో బట్టల వ్యాపారంలో ఉన్నాడు. ముసలితనంలో తన బొమ్మని సోకులరాయుడిలా మార్చి ప్రకటనల్లో వేస్తున్నారని, తన పేరున్న కంపెనీ మీదే కోర్టుకెక్కాడు. 1921 అక్టోబరు 23న పోయాడు. మన దేశంలో హుగ్లీ ఒడ్డున సాహాగంజ్‌లో 1936లో వచ్చిన ఫ్యాక్టరీని ఆయన చూడలేదు.

ఇంతకీ ఈయన మీద నాకెందుకింత పట్టు? చెప్తాను.

మా సైకిళ్ళకి నేటికీ ఉండేది డన్‌లప్ వాల్వు అనే రకమే, లోపల సన్నటి రబ్బరు వాల్ ట్యూబు ఉండేది. దాని మీద గేజి పెట్టి ఒత్తిడి సరిగా కొలవడం కుదరదు. అంచేత మా ఊళ్ళలో అందరం బొటనవేలితో నొక్కి చూడ్డం నేర్చుకున్నాం. ట్రాక్టరు వచ్చాక మరో పాఠం అబ్బింది. దమ్ములో వెనక టైరు మెత్తగా ఉంటేనే బాగా పడుతుంది. 12, 15 పౌండ్లు చాలు. బారువ ఇసకలోకి జీపు దింపేవాళ్ళూ గాలి తీసే దింపుతారు. ఇవన్నీ నిజాలే. ఈ నిజాలే మమ్మల్ని ముంచాయి.

రెండేళ్ళ కిందట అప్పన్న చందనోత్సవానికి మా మావయ్య కొత్తగా కొన్న పెద్ద బండిలో ఎనిమిది మందిమి బయల్దేరాం. నెత్తిన సామాను. ఎండకి గాలి వ్యాకోచించి టైరు పేలుతుందని మావయ్య ముందురోజే నాలుగు టైర్లలోనూ గాలి తగ్గించాడు. ఎక్కేముందు నేను వెనక టైరు చూశాను. కింద పొట్ట ఉబ్బి ఉంది. డ్రైవరు తలుపు చట్టం మీద చీటీలో నిండు బరువుకి వెనక 36 అని రాసుంది. తర్వాత మిగిలిన టైర్లు కొలిస్తే 26 దాటలేదు. ఫిజిక్సు చదువుతున్నవాణ్ణి. పెద్దవాళ్ళ పనిలో వేలు పెట్టడమెందుకని నోరు మూసుకున్నాను.

రణస్థలం దగ్గర వెనక ఎడమ టైరు పేలింది. బండి రెండు మెలికలు తిరిగి డివైడరుకి రాసుకుని ఆగింది. మా చెల్లి కుడి చెయ్యి విరిగింది. ప్లేటు వేశారు. ఆ ఏడు పదో తరగతి పరీక్షలు అయిపోయాయి కాబట్టి సరిపోయిందని అమ్మ ఇప్పటికీ దండం పెడుతుంది.

ఆ తర్వాత లెక్క కట్టాను. బండి, మనుషులు, సామాను కలిపి 2400 కిలోలనుకుందాం. సమంగా పంచితే చక్రానికి 600. 36 పౌండ్లంటే చదరపు సెంటీమీటరుకి రెండున్నర కిలోలు. అంటే ఆ 600 కిలోలు మోయడానికి టైరు నేలని సుమారు 240 చదరపు సెంటీమీటర్లు ఆనుకుంటే చాలు. 26కి దిగితే 330 కావాలి. అంత ఆనాలంటే టైరు అణగాలి, ప్రతి చుట్టులోనూ పక్కగోడ మడతపడి లేవాలి. మడతపడిన రబ్బరు తీసుకున్న శక్తినంతా తిరిగివ్వదు, కొంత వేడిగా మిగిలిపోతుంది. పొలంలో మెల్లగా తిరిగే ట్రాక్టరుకి ఆ వేడి ఆరిపోతుంది. హైవే మీద ఆరదు. రబ్బరూ, లోపలి దారాలూ విడిపోతాయి.

మరి ఎండ మాటో? 27 డిగ్రీల దగ్గర 36 పెడితే, టైరు 60 డిగ్రీలకి చేరినప్పుడు 41 దాటుతుంది. అంతే. ఆ పెరుగుదల లెక్కలో పెట్టుకునే తయారీదారు చల్లటి టైరుకి అంకె ఇస్తాడు. అంచేత చూడాల్సింది బండి ఇంకా కదలకముందు, పొద్దున్నే. వేడి మీద కొలిచి ఎక్కువుందని తీసేస్తే, చల్లారాక తక్కువవుతుంది. టైరు పక్కన పోతపోసి ఉండే అంకె కూడా మనకి కాదు. అది ఆ టైరు తట్టుకునే గరిష్ఠం. అంత కొడితే మధ్యలోనే అరుగుతుంది, బ్రేకు పట్టు తగ్గుతుంది. ఒక్కడే తిరిగినప్పుడు చీటీలో మామూలు బరువు అంకె, ఎనిమిది మంది ఎక్కితే నిండు బరువు అంకె. కారు వాల్వు సైకిలు రకం కాదు, గేజి నమ్మకంగా పలుకుతుంది. బొటనవేలు ఇక్కడ పలకదు.

ఈ లెక్కలు మావయ్యకి చెప్పడానికి నాకు నెల పట్టింది. ఆయన కోప్పడలేదు. చాలాసేపు చెల్లి చేతికేసి చూసి లేచి వెళ్ళిపోయాడు. తర్వాత నా స్కాలర్‌షిప్పు డబ్బుతో ఒక గేజి కొని నాన్నకిచ్చాను. మొన్న సంక్రాంతికి అందరం అరసవల్లి వెళ్ళాలనుకున్న రోజు, ఇంకా తెల్లారకుండానే నాన్న నన్ను తట్టి లేపాడు. చలికి తువ్వాలు కప్పుకుని, ఓ చేతిలో టార్చి, ఓ చేతిలో గేజి. వెనక కుడి టైరు రెండు పౌండ్లు తక్కువుందట, మావయ్యని లేపమన్నాడు.