దేశోద్ధారకుని వాణిజ్యనీతి

ధనార్జన, దానశీలం పరస్పర విరుద్ధాలనే భావన లోకంలో ఉంది. ఆర్జించేవానికి ఈవి అబ్బదనీ, ఈవి గలవానికి ఆర్జన చేతకాదనీ పలువురు తలపోస్తారు. ఈ రెంటినీ ఒకే జీవితంలో సమన్వయించి చూపిన ఆంధ్రుడు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు. దేశోద్ధారకుడనీ, విశ్వదాత అనీ తెలుగువారు ఆయనను గౌరవించుకొన్నారు. అయితే దాతను కొనియాడే సందర్భంలో ఆ దానానికి ఆధారమైన వాణిజ్యాన్ని మనం తరచుగా విస్మరిస్తాం. వారి జీవితాన్ని ఆ కోణంలో పరిశీలించడం వాణిజ్యశాస్త్ర విద్యార్థులకే కాక అందరికీ ప్రయోజనకరం.

నాగేశ్వరరావుగారు 1867 మే 1వ తేదీన కృష్ణా జిల్లాలోని ఎలకుర్రు గ్రామంలో బుచ్చయ్య, శ్యామలాంబ దంపతులకు జన్మించారు. స్వగ్రామంలోనూ, బందరులోనూ విద్యాభ్యాసం సాగించి, 1891లో మద్రాసు క్రైస్తవ కళాశాలనుండి పట్టభద్రులయ్యారు. ఆ రోజులలో పట్టం పుచ్చుకొన్న యువకుని ముందు రెండు రాజమార్గాలుండేవి. ఒకటి ప్రభుత్వోద్యోగం, రెండవది న్యాయవాద వృత్తి. రెండింటిలోనూ గౌరవం ఉంది, భద్రత ఉంది. పంతులుగారు ఆ రెంటినీ కాదని వ్యాపారాన్ని ఎన్నుకొన్నారు. ఉద్యోగికి జీతం నిశ్చితం. వ్యాపారికి లాభం అనిశ్చితం. పెట్టిన సొమ్ము తిరిగి రాకపోవచ్చుననే భయాన్నే వాణిజ్యశాస్త్రం నష్టభయం అంటుంది. ఆ భయాన్ని తెలిసి తెలిసి తలకెత్తుకొనేవాడే వ్యవస్థాపకుడు.

ఆయన తొందరపడి వ్యాపారంలోకి దిగలేదు. కలకత్తా వెళ్లి ఔషధ వ్యాపారంలోని మెలకువలను నేర్చుకొన్నారు. అటుపిమ్మట బొంబాయి చేరి, అక్కడ ఒక వర్తక సంస్థలో పనిచేసి అనుభవం గడించారు. 1893లో ఆ నగరంలోనే అమృతాంజనాన్ని ప్రారంభించారు. తలనొప్పికీ, ఒంటినొప్పులకూ పైపూతగా వాడే లేపనం అది. తలనొప్పికి ధనిక దరిద్ర భేదం లేదు. పది మందికీ నిత్యం అవసరమైన వస్తువును, పది మందికీ అందేటట్లు చిన్న సీసాలలో నింపి అమ్మడంలోనే ఆయన వ్యాపార దక్షత తెలుస్తుంది. అవసరాన్ని గుర్తించడం, దానిని తీర్చే వస్తువును ఉత్పత్తి చేయడం, ఆ వస్తువును వినియోగదారునికి చేర్చడం అనే మూడు మెట్లూ ఇందులో ఉన్నాయి.

ఎంత మంచి వస్తువైనా జనానికి తెలియకపోతే అంగడి అరలలోనే ఉండిపోతుంది. కొత్త మందును నమ్మి కొనమంటే ఎవరూ ముందుకు రారు. అందుచేత పంతులుగారు సంగీత సభలవంటి జనసమ్మర్దం గల చోట్ల అమృతాంజనాన్ని ఉచితంగా పంచిపెట్టేవారని ప్రసిద్ధి. ఒకసారి వాడి గుణం కనుగొన్నవాడు రెండవసారి డబ్బిచ్చి కొంటాడు, పొరుగువానికీ చెబుతాడు. ఈ విధంగా ఆ పేరే వస్తువుకు హామీగా మారింది. కొనుగోలుదారుల విశ్వాసం వల్ల ఒక సంస్థకు సమకూరే ఈ కంటికి కనిపించని ఆస్తినే వాణిజ్య పరిభాషలో గుడ్‌విల్ అంటారు. యంత్రాలను ఒక్క రోజులో కొనవచ్చు. గుడ్‌విల్‌ను ఏళ్ల తరబడి నిజాయితీతో సంపాదించుకోవలసిందే.

లాభం చేతికి వచ్చిన తరువాత దానిని ఏమి చేయాలన్నదే వ్యాపారి శీలానికి అసలు పరీక్ష. భోగాలకు వెచ్చించవచ్చు, భూములు కొనవచ్చు. నాగేశ్వరరావుగారు ఆ ధనాన్ని అక్షరానికి పెట్టుబడిగా పెట్టారు. 1907 నాటి సూరత్ కాంగ్రెసు మహాసభ అనంతరం తెలుగువారికి సమర్థమైన పత్రిక అవసరమన్న సంకల్పం ఆయనలో బలపడింది. 1908లో బొంబాయినుండి ఆంధ్రపత్రికను వారపత్రికగా వెలువరించారు. 1914లో మద్రాసులో దానిని దినపత్రికగా తీర్చిదిద్దారు. 1924లో భారతి మాసపత్రికను స్థాపించారు. సాహిత్య, చారిత్రక, శాస్త్ర విషయాలపై పండితులు వ్రాసిన వ్యాసాలకు భారతి దశాబ్దాల పాటు వేదికగా నిలిచింది.

పత్రికా నిర్వహణ వ్యయంతో కూడిన పని. కాగితం, అచ్చు, సిబ్బంది వేతనాలు ఏ రోజుకారోజు ఖర్చవుతాయి. చందాలు మాత్రం ఆలస్యంగా వస్తాయి. ఇటువంటి వేళ అనేక పత్రికలు జమీందారుల ప్రాపునో, ప్రభుత్వ దయనో ఆశ్రయించవలసి వస్తుంది. ఆంధ్రపత్రికకు అమృతాంజనం అండగా ఉంది. సొంత ఆదాయం ఉన్నందువల్లనే పరాయి ప్రభుత్వాన్ని విమర్శించే ధైర్యం దానికి చేకూరింది. ఆర్థిక స్వాతంత్ర్యం భావ స్వాతంత్ర్యానికి పునాది అని దీనివల్ల గ్రహించవచ్చు.

ఆంధ్ర గ్రంథమాల ద్వారా ప్రాచీన గ్రంథాలను సరసమైన వెలకు పాఠకులకు అందించారు. పాల్కురికి సోమనాథుని బసవపురాణం 1926లో ఆ మాలలో కుసుమంగా వెలువడింది. కొమర్రాజు లక్ష్మణరావుగారి మరణంతో కుంటుపడిన ఆంధ్ర విజ్ఞాన సర్వస్వాన్ని తిరిగి చేపట్టారు. గ్రంథాలయాలకు పుస్తకాలనూ, పేద విద్యార్థులకు ధనాన్నీ ఉదారంగా ఇచ్చారు. ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని కారాగారవాసం అనుభవించారు. 1935లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆయనను కళాప్రపూర్ణ బిరుదంతో సత్కరించింది. కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య 1937 నవంబరు 16న కుదిరిన శ్రీబాగ్ ఒడంబడిక మద్రాసులోని వారి స్వగృహంలో జరిగినదే. ఆ భవనం పేరే ఒడంబడికకు వచ్చింది.

అంతకు ముందు సంవత్సరం, 1936లో, అమృతాంజనం పబ్లిక్ లిమిటెడ్ కంపెనీగా రూపొందింది. ఈ మార్పు విద్యార్థులు ప్రత్యేకంగా గమనింపదగినది. సొంత వ్యాపారంలో యజమాని, వ్యాపారం వేరు వేరు కావు. అప్పులన్నింటికీ యజమాని ఆస్తి బాధ్యత వహిస్తుంది. యజమాని కన్నుమూస్తే వ్యాపారం కూడా చిక్కుల్లో పడుతుంది. కంపెనీకి చట్టం ప్రత్యేకమైన అస్తిత్వాన్ని ఇస్తుంది. వాటాదారుల బాధ్యత వారి వాటాల మేరకే పరిమితం. సభ్యులు మారినా, మరణించినా కంపెనీ కొనసాగుతుంది.

1938 ఏప్రిల్ 11వ తేదీన పంతులుగారు పరమపదించారు. ఆయన వెలిగించిన ఆంధ్రపత్రిక, భారతి ఆయన తరువాత అర్ధశతాబ్దికి పైగా వెలుగొంది, 1991లో ఆగిపోయాయి. అమృతాంజనం మాత్రం ఈనాటికీ ఇంటింటా ఉంది. ఇందులో ఒక విషాదమూ, ఒక పాఠమూ ఉన్నాయి. ఔషధాన్ని కొనేవారు తరతరాలుగా ఉన్నారు; అందుచేత అది నిలిచింది. విజ్ఞానాన్ని పోషించే బాధ్యతను ఒక్క దాత భుజాలపైన మోపితే అది కలకాలం నిలవదు. దానిని సమాజమంతా పంచుకోవాలి.

వ్యాపారం చేయడానికి తెలివి, ధైర్యం, నిజాయితీ కావాలి. వచ్చిన లాభాన్ని వినియోగించడానికి వీటికి మించిన సంస్కారం కావాలి. ఆ సంస్కారమే బొంబాయి వర్తకుని ఆంధ్రుల హృదయాలలో దేశోద్ధారకునిగా నిలిపింది.