కళకును రాబడికిని నడుమ వాల్ట్ డిస్నీ

వాల్ట్ డిస్నీ 1901 డిసెంబరు 5వ తేదీన అమెరికాలోని చికాగో నగరమున జన్మించెను. మిక్కీ మౌసు వృత్తాంతము ఎల్లరెరిగినదే. ఆయనను చివరివరకు వేధించిన చిక్కు వేరు.

1937లో సుమారు 15 లక్షల డాలర్లు వెచ్చించి 'స్నోవైట్' అను పూర్తి నిడివి బొమ్మల చిత్రమును తీయుచుండగా, అది వెర్రిపని యని పలువురు పరిహసించిరి. చిత్రము కనకవర్షము కురిపించెను. ఆ ధనమును ఆయన దాచుకొనలేదు. 1940లో 'ఫాంటేసియా' వెలువడెను. స్టొకోవ్‌స్కీ నిర్వహణమున బాక్, బీథోవెన్ మున్నగువారి సంగీతము మ్రోగుచుండ, తెరపై రంగులును రూపములును నర్తించును. ఆ నాదమును నలుదెసల వినిపించుటకై సినిమాశాలలలో ప్రత్యేక యంత్రములు అమర్పవలసి వచ్చెను. యుద్ధమువలన యూరపు విపణి అప్పటికే మూతపడియుండెను. పెట్టుబడి తిరిగిరాలేదు, పంపిణీదారులు చిత్రమును కత్తిరించిరి. మరుసటి యేడు ఆయన చిత్రకారులే సమ్మె చేసిరి. ఆ ఘట్టమున ఆయన ఉదారముగ వర్తించెనని చెప్పజాలము.

విశేషమేమనగా, ఆ 1941లోనే 10 లక్షలకు లోబడిన వ్యయముతో తీసిన 'డంబో' లాభము తెచ్చెను. బంధింపబడిన తల్లియేనుగు కటకటాలనుండి తొండము చాచి పిల్లను ఊయలలూపు ఘట్టము చూచి కంట తడిపెట్టనివారు అరుదు. ఆడంబరము లేని ఆ చిత్రము కళయందు 'ఫాంటేసియా'కు తీసిపోదు.

ఐనను ఆయన ఆశ చావలేదు. 1959లో సుమారు 60 లక్షలతో 'స్లీపింగ్ బ్యూటీ' తీసి మరల నష్టపడెను. 1961 నాటి డాల్మేషియన్ కుక్కల చిత్రమునకు గీతలను యంత్రముచే ప్రతులు తీయించి ఖర్చు తగ్గించిరి. అది లాభించినను ఆ గరుకు గీత ఆయనకు రుచింపలేదు.

1966 డిసెంబరు 15న ఆయన కాలధర్మము నొందెను. 'ఫాంటేసియా' 1969లో మరల విడుదలయై, ఎట్టకేలకు లాభము చూపెను.