డిజ్జీ డీన్ కాలి వేలు

డాలస్‌లో ఉండే మా బాబాయి కొడుక్కి 12 ఏళ్లు. లిటిల్ లీగ్ బేస్‌బాల్‌లో పిచర్, అంటే మన బౌలర్ లాంటివాడు. పోయిన నెల వీడియో కాల్‌లో మొహం మాడ్చుకుని కూర్చున్నాడు. 85 బంతులయ్యాయని కోచ్ తీసేశాడంట, మ్యాచ్ పోయిందంట. మోచెయ్యి లాగుతోందని నాకొక్కడికే చెప్పి, ఇంట్లో చెప్పొద్దన్నాడు. ఆ రాత్రి ఈ రూల్ ఎందుకుందో వెతుకుతుంటే డిజ్జీ డీన్ దొరికాడు.

అసలు పేరు జే హన్నా డీన్. 1910లో ఆర్కన్సాలో పుట్టాడు. చిన్నప్పుడు పత్తి ఏరే కూలి. సరిగ్గా చదువుకోలేదు, కానీ కుడిచేత్తో బంతి విసిరితే ఎదుటివాడికి కనిపించేది కాదు. సెయింట్ లూయిస్ కార్డినల్స్ తరఫున 1934లో 30 మ్యాచ్‌లు గెలిపించాడు. తమ్ముడు పాల్ ఇంకో 19. ఆ ఏడాది వరల్డ్ సిరీస్‌లో టీమ్‌కి కావాల్సిన నాలుగు గెలుపులూ ఈ అన్నదమ్ములవే, చెరి రెండు.

బాగా వేసేవాడికే మళ్లీ మళ్లీ బంతి ఇస్తారు కదా. డీన్ 1934 నుంచి వరసగా మూడేళ్లు, ఏడాదికి 300 పైన ఇన్నింగ్స్ వేశాడు. ఒకరోజు మ్యాచ్ మొదలుపెట్టడం, మధ్యలో ఇంకో మ్యాచ్ ఆఖర్లో వచ్చి కాపాడటం. లెక్కపెట్టి ఆపేవాళ్లు లేరు. ముందు పోయింది తమ్ముడి చెయ్యి, 1936లో. మొదటి రెండేళ్లలో 38 గెలిచిన పాల్, తర్వాత కెరీర్ మొత్తంలో గెలిచినవి 12.

1937 జులైలో ఆల్‌స్టార్ గేమ్. ఎర్ల్ ఆవెరిల్ కొట్టిన బంతి నేరుగా వచ్చి డీన్ ఎడమకాలి వేలు విరగ్గొట్టింది. చూస్తే చిన్న దెబ్బే. కానీ అది పూర్తిగా మానకుండానే మళ్లీ దిగాడు. విసిరే బలం చేతిది ఒక్కటే కాదు. కాళ్ల నుంచి నడుముకి, అక్కడి నుంచి భుజానికి వస్తుంది. నొప్పి పెట్టే కాలిని గట్టిగా ఆనించలేక విసిరే తీరు మార్చుకున్నాడు. భారమంతా చేతిమీద పడింది. అప్పటికి వయసు 27.

మరుసటి ఏడాది చికాగో కబ్స్ కొనుక్కుంది. వేగం పోయినా తెలివితో 7 గెలిచాడు, కానీ ఆ చెయ్యి మళ్లీ బాగవలేదు. మొత్తం 150 గెలుపుల్లో కబ్స్‌లో వచ్చినవి 16. తర్వాత కామెంటేటర్‌గా దేశమంతా నవ్వించాడు. అతని గ్రామర్ మీద టీచర్లు గొడవ కూడా పెట్టుకున్నారు. 1953లో హాల్ ఆఫ్ ఫేమ్, 1974లో మరణం.

డీన్ పెద్దవాడు, ఎముకలు గట్టిపడ్డవాడు. పిల్లల మోచేతిలో ఎముక చివర్లు ఇంకా పెరుగుతూ, మెత్తగా ఉంటాయి. పదేపదే లాగితే అక్కడే దెబ్బ తింటాయి. అందుకే 2007 నుంచి లిటిల్ లీగ్‌లో బంతుల లెక్క. 12 ఏళ్ల వాడికి రోజుకి 85. 66 గానీ అంతకంటే ఎక్కువ గానీ వేస్తే నాలుగు రోజులు రెస్ట్. నొప్పి ఉంటే మాత్రం లెక్కతో పనిలేదు, వెంటనే ఆపి డాక్టర్‌కి చూపించాలి.

ఈ కథంతా మా వాడికి చెప్పాను. పిన్నికి కూడా ఫోన్ చేసి మోచెయ్యి సంగతి చెప్పేశాను. మాటిచ్చి తప్పానని నాతో మాట్లాడటం మానేశాడు. డాక్టర్ ప్రస్తుతానికి బంతి ముట్టుకోవద్దన్నారంట. కోపం ఎప్పటికైనా తగ్గుతుందిలే.