అరుణాచలంలో వెలిగిన ప్రశాంతి

ధ్యానానికి కూర్చున్న పది దినాలకే మనశ్శాంతి చిక్కలేదని నిరాశ చెందే ఆస్తిక మహాశయులారా! భగవాన్ శ్రీ రమణ మహర్షి జీవితాన్ని ఒక్కసారి స్మరించండి.

1879 డిసెంబరు 30న తమిళదేశంలోని తిరుచ్చుళిలో జన్మించిన వేంకటరామన్, 1896 జూలైలో మధురలోని పినతండ్రి ఇంట ఉండగా అకస్మాత్తుగా మృత్యుభయానికి లోనయ్యాడు. పదహారేండ్ల ఆ బాలుడు ఎవరినీ పిలువలేదు. శవంవలె పడుకొని, మరణించేది దేహమే అయితే నేననేది ఎవరని తనలోనే శోధించాడు. భయం సమసిపోయింది.

ఆ ఏడు సెప్టెంబరు 1న అరుణాచలం చేరి, ఆలయంలోని పాతాళలింగం చెంత కూర్చున్నాడు. పురుగులు తొడలను తొలిచినా ఎరుగలేదు. 1899 నుండి 1916 వరకు విరూపాక్ష గుహలో, ఆపై 1922 వరకు స్కందాశ్రమంలో నివసించారు.

బొబ్బిలి సమీపాన కలువరాయిలో పుట్టిన కావ్యకంఠ గణపతి ముని 1907లో ఆ గుహకు వచ్చి, ఎంత మంత్రజపం చేసినా తపస్సు స్వరూపం బోధపడలేదని పాదాలపై వ్రాలారు. నేనన్న తలపు ఎక్కడ పుడుతున్నదో అక్కడే మనసు నిలపమని స్వామి ఉపదేశించారు. భగవాన్ రమణ మహర్షి అన్న నామం ఆ తెలుగు పండితుడిచ్చినదే.

1924లో ఆశ్రమంలో దొంగలు పడి స్వామి తొడపై కొట్టారు. ఎదురు తిరగబోయిన భక్తులను ఆయన వారించారు. ఎడమచేతిపై వ్రణం లేచి, 1949లో నాలుగు శస్త్రచికిత్సలు జరిగినా, వచ్చినవారికి దర్శనం మాననీయలేదు. 1950 ఏప్రిల్ 14న సిద్ధి పొందారు.

నేనన్న తలపు గురించిన ఆ ఉపదేశానికి దగ్గరగా వచ్చే విషయమొకటి వైద్యశాస్త్రంలోనూ కనిపిస్తుంది. మనసు ఊరక సంచరిస్తూ నేను, నాది అని తలపోసేటప్పుడు మెదడు మధ్యభాగాన కొన్ని ప్రాంతాలు చురుకుగా ఉంటాయి. చిరకాల సాధకులు ధ్యానంలో ఉన్నప్పుడు ఆ ప్రాంతాలు ఇతరులలో కంటె నెమ్మదించాయని, అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2011లో వెల్లడించారు. పరీక్షకు వచ్చిన సాధకులు పన్నెండుగురే. కాని వారి సాధన సగటున 10,000 గంటలకు పైమాట. దినానికొక గంట చొప్పున అది 27 సంవత్సరాల కృషి!

కనుక పాఠకులారా, తొందర వలదు. మహర్షికి బాధలు రాకపోలేదు. వచ్చిన బాధ ఆయన శాంతిని కదల్చలేదు. నేడు సంధ్యాదీపం వెలిగించిన పిదప కాసేపు మౌనంగా కూర్చోండి. మనసు పరుగెత్తితే కోపించక, పరుగెత్తే ఆ నేను ఎవరో విచారించండి. రేపూ కూర్చోండి. శాంతి అభ్యాసానికి వశమవుతుంది.