రూథర్‌ఫర్డు - ఆల్ఫా కిరణముల రహస్యము

న్యూజిలాండు దక్షిణ ద్వీపమున నెల్సన్ పట్టణమునకు చేరువనున్న ఒక పల్లెలో 1871వ సంవత్సరము ఆగస్టు 30వ తేదీన ఎర్నెస్టు రూథర్‌ఫర్డు జన్మించెను. తండ్రి బండిచక్రములు చేయుచు, వ్యవసాయము చేయుచు, నారమిల్లు నడుపుచు పండ్రెండుగురు బిడ్డల సంసారమును ఈదుకొని వచ్చెను. తల్లి వివాహమునకు పూర్వము బడిపంతులమ్మ. నాల్గవ సంతానమైన ఎర్నెస్టు విద్యార్థివేతనముల ఆసరాతో నెల్సన్ కళాశాలలోను, ఆపై క్రైస్ట్‌చర్చిలోని కాంటర్బరీ కళాశాలలోను చదివెను. ఇంగ్లండు పోవుటకు వలయు వేతనము సయితము మొదట ఆయనకు రాలేదు. దానికి ఎన్నికైన యువకుడు వదలుకొనగా రెండవవానికి దక్కినది. ఆ రెండవవాడు రూథర్‌ఫర్డు. 1895లో ఆయన కేంబ్రిడ్జిలోని కావెండిషు ప్రయోగశాలలో జె. జె. థామ్సన్ వద్ద చేరెను.

మరుసటి యేడు ఫ్రాన్సున బెకరెల్, యురేనియమునుండి కంటికి కానరాని కిరణములు వెలువడుచున్నవని కనిపెట్టెను. రూథర్‌ఫర్డు యురేనియముపై పలుచని అల్యూమినియము రేకులను ఒకదానిపై నొకటి పేర్చుచు కిరణముల బలమును కొలువసాగెను. మొదటి కొద్ది రేకులకే ఆ బలము చాలవరకు తగ్గిపోయెను. మిగిలిన కొంచెము మాత్రము మరిన్ని రేకులు పరచినను మెల్లమెల్లగా గాని తగ్గలేదు. వెలువడునది ఒకే జాతి కిరణమైనచో ఇట్లు జరుగదు. త్వరగా ఆగిపోవు వానికి ఆల్ఫా యనియు, దూరము చొచ్చుకొనిపోవు వానికి బీటా యనియు ఆయన గ్రీకు అక్షరముల పేర్లు పెట్టెను. ఈ ఫలితములు 1899లో అచ్చగునాటికి ఆయన కెనడాలో, మాంట్రియల్ నగరమందలి మెక్‌గిల్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడై యుండెను.

బీటా కిరణముల గుట్టు త్వరలోనే బయటపడినది. అయస్కాంతము చెంత అవి సులువుగా వంగిపోయెను. అవి ఋణ విద్యుదావేశము గల ఎలక్ట్రానులే యని 1900లో బెకరెల్ చూపెను. ఆల్ఫా కిరణములు మాత్రము అయస్కాంతమునకు చలించినట్లు కనబడలేదు. కనుక వానికి ఆవేశము లేదనియు, అవి ఎక్స్‌కిరణముల వంటివనియు పలువురు తలచిరి. తొలుత రూథర్‌ఫర్డు ఊహయు అట్టిదే.

1901 మొదలుకొని ఆయన సాడీ అను యువ రసాయన శాస్త్రజ్ఞునితో కలసి థోరియమును పరిశీలించెను. ఒక మూలకము తనంతట తానే మరియొక మూలకముగా మారుచున్నదని వారికి తోచెను. నాటి రసాయన శాస్త్రజ్ఞులకు ఇది పరుసవేదిని నమ్మినట్లే! విశ్వవిద్యాలయము నవ్వులపాలగునని సహోద్యోగులలో కొందరు భయపడిరి. పరమాణువు బ్రద్దలై ఒక తునకను విసరివేయుచున్నదనవలెనన్న, ఆ తునక నిజముగా పదార్థమని చూపవలెను. కావున ఆల్ఫా కిరణమునకు ఆవేశమున్నదా లేదా యనునది చిన్న ప్రశ్న కాదు.

బరువైన కణము స్వల్పముగానే వంగును. ఆ స్వల్పమును పట్టుకొనుటకు రూథర్‌ఫర్డు పన్నిన ఉపాయము విద్యార్థులు గమనింపదగినది. నిలువుగా నిలిపిన లోహపు రేకుల నడుమ సన్నని సందులు విడిచి, అడుగున రేడియమును, పైన బంగారురేకు విద్యుద్దర్శినిని ఉంచెను. కిరణములు రవ్వంత వంగినను సందుల గోడలకు తగిలి ఆగిపోవును. ఆ లోటు విద్యుద్దర్శినిలో తెలియును. బలమైన అయస్కాంత క్షేత్రమును కల్పింపగా లోటు స్పష్టముగా కనబడెను. ఏ ప్రక్కకు వంగుచున్నవో తెలియుటకు ప్రతి సందు పైభాగమున ఒక ప్రక్క సగము మూసి, క్షేత్రదిశను తారుమారు చేసి చూచెను. అవి బీటా కిరణములకు ఎదురుదిశలో వంగుచుండెను. అనగా వానిది ధన విద్యుదావేశము. ఈ సంగతి 1903లో లోకమునకు వెల్లడియైనది.

అయినను ఆ కణ మేది? ఆవేశమునకును ద్రవ్యరాశికిని గల నిష్పత్తి ఉదజని అయాను నిష్పత్తిలో దాదాపు సగమని తేలినది. ఒక ఆవేశము గల ఉదజని అణువైనను, రెండు ఆవేశములు గల హీలియము పరమాణువైనను లెక్క ఒక్కటే వచ్చును! 1907లో మాంచెస్టరు చేరిన రూథర్‌ఫర్డు, మరుసటి యేడు గైగరుతో కలసి ఆల్ఫా కణములను ఒక్కొక్కటిగా లెక్కించి, మొత్తము ఆవేశమును ఆ సంఖ్యచే భాగించి, ఒక్కొక్క కణమున ఎలక్ట్రాను ఆవేశమునకు రెట్టింపు ఉన్నదని నిర్ణయించెను.

ఇక కంటికి కనబడు సాక్ష్యము కావలెను. బౌంబాకు అను గాజుపనివాడు మిల్లీమీటరులో నూరవవంతునకు లోపు మందము గల గొట్టమును ఊదియిచ్చెను. అంత పలుచని గాజు పగులక నిలుచుటయే ఆశ్చర్యము. రేడియమునుండి పుట్టు వాయువును అందు నింపి, వెలుపల వాయుశూన్యమైన మరియొక గొట్టమును రూథర్‌ఫర్డు, రాయిడ్సు అమర్చిరి. ఆల్ఫా కణములు గాజును దూరి వెలుపలి గొట్టమున చేరెను. రెండు దినములకు వర్ణపటమున హీలియము పసుపుగీత కనబడెను; ఆరు దినములకు ముఖ్యమైన గీతలన్నియు తేటపడెను. హీలియమే గాజునుండి కారినదేమో యను సందేహమును కూడ వారు మిగులనీయలేదు. లోపలి గొట్టమున హీలియమునే నింపి చూడగా వెలుపలికి ఏమియు రాలేదు.

1908లోనే ఆయనకు నోబెలు బహుమానము లభించెను. భౌతికశాస్త్రజ్ఞునకు రసాయనశాస్త్రమున! ఆ ఆల్ఫా కణములనే తూటాలుగా వాడి 1911లో పరమాణు కేంద్రకము ఉనికిని నిరూపించెను. 1919లో అవి నైట్రోజను కేంద్రకమును తాకి ఉదజని కేంద్రకమును వెలువరించుచున్నవని ప్రకటించెను. ఆ యేడే కావెండిషు ప్రయోగశాలకు అధిపతియయ్యెను. 1931లో ఆయనకు ప్రభుబిరుదము వచ్చినది.

1938 జనవరిలో కలకత్తాలో జరుగు భారత విజ్ఞానశాస్త్ర మహాసభ రజతోత్సవమునకు ఆయనను అధ్యక్షునిగా ఎన్నుకొనిరి. కాని 1937 అక్టోబరు 19వ తేదీన ఆయన కేంబ్రిడ్జిలో కన్నుమూసెను. చితాభస్మమును లండనులోని వెస్టుమినిస్టరు ఆబీలో న్యూటను సమాధి చెంత నిక్షేపించిరి. కలకత్తా సభకు సర్ జేమ్సు జీన్సు అధ్యక్షత వహించెను.