ఆర్ట్స్ కాలేజీ కట్టించిన నవాబ్ జైన్ యార్ జంగ్

మన మెట్‌పల్లి, కోరుట్ల పిల్లలు ఉస్మానియాలో సీటు సంపాదించుకొని వెళితే ఇంటికి పంపే మొదటి ఫోటో ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద దిగినదే. ఆ కాలేజీ ఎవరు కట్టించారంటే మాత్రం ఏడో నిజాం పేరు ఒక్కటే చెబుతారు. ఆ పని భుజాన వేసుకున్న మర్హూం నవాబ్ జైన్ యార్ జంగ్ గారిని గురించి ఈ సంచికలో నాలుగు మాటలు రాయదలచాము.

విశ్వవిద్యాలయం 1918లో ఏర్పడినా సొంత భవనాలు లేక తరగతులు నగరంలోని ఇళ్ళలోనే నడిచాయి. తర్వాత అడిక్‌మెట్ వైపు స్థలం కుదిరింది. డబ్బుకూ కొదువ లేదు. అయినా సర్కారు తొందరపడలేదు. 1930 ప్రాంతంలో జైన్ యార్ జంగ్ గారిని, సయ్యద్ అలీ రజా గారిని దేశాలు తిరిగి, యూనివర్సిటీలు ఎట్లా కడుతున్నారో చూసి రమ్మని పంపింది. అమెరికా, బ్రిటన్, టర్కీ, ఈజిప్టు, జపాన్ చూశారు. నక్షా గీయకముందే ఇంత తిరుగుడు! ఈజిప్టులో పనిచేస్తున్న బెల్జియం ఆర్కిటెక్ట్ ఎర్నెస్ట్ జాస్పర్ గారి పనితనం నచ్చి, ఆయనను హైదరాబాదుకు రప్పించారు.

1934 జూలై 5న ఆర్ట్స్ కాలేజీకి పునాదిరాయి పడింది, 1939 డిసెంబరు 4న ప్రారంభమైంది. జాస్పర్ గారు వెళ్ళిపోయాక పని పూర్తిచేయించింది జైన్ యార్ జంగ్ గారే. గులాబి రంగు మన రాయి, మసీదు కమానులు, ఎల్లోరా గుహలను తలపించే స్తంభాలు, ఇవన్నీ ఒకేచోట ఒదిగాయి. కొందరు ఘనతంతా జాస్పర్‌దే అంటారు. మాకది సబబుగా తోచదు.

1948లో ఆయన ఢిల్లీలో హైదరాబాదు ఏజెంట్ జనరల్‌గా ఉన్నారు, అవి ఎంత గడ్డు రోజులో పెద్దలకు తెలుసు. 1961లో కన్నుమూశారు.

ఇక మన సంగతి. సొసైటీ హాస్టలు కట్టినప్పుడు మేస్త్రీ ముగ్గు పోశాక కిటికీ ఎటు పెట్టాలా అని వెతుక్కున్నాము. పడమటి ఎండకు గదులు కాగిపోయి, వేసవిలో పిల్లలు వరండాలోనే చదువుకుంటున్నారు. ఎవరినీ అనడం లేదు, ఆ కమిటీలో మేమూ ఉన్నాము. పై అంతస్తు మొదలుపెట్టే ముందు ఇద్దరు సభ్యులు కరీంనగర్, నిజామాబాదు హాస్టళ్ళు చూసి రావాలని తీర్మానం పెట్టాము. బస్సు చార్జీలు ఎవరివి వారే పెట్టుకోవాలి.