చిక్కదనాన్ని కొలిచిన వైద్యుడు

ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం గురించి వ్రాయమని మన కార్యదర్శిగారు కోరారు. ఉద్యోగమంతా ల్యాబులో గడిపిన నాకు వెంటనే తోచిన పేరు జాన్ లియొనార్ మారీ ప్వాజెయ్. రిజిస్టర్లలో మనం రోజూ వ్రాసిన సెంటిపాయిజ్ ఆయన పేరు మీద ఏర్పడినదే. 20 డిగ్రీల వద్ద నీటి చిక్కదనం సుమారు ఒక సెంటిపాయిజ్.

ఆయన 1797లో ప్యారిస్‌లో జన్మించారు. 1815లో అక్కడి ప్రసిద్ధ ఎకోల్ పాలిటెక్నిక్‌లో చేరారు. మరుసటి ఏడాదే రాజకీయ కారణాలతో ప్రభుత్వం విద్యార్థులందరినీ పంపివేసింది. ఆయన చదువు మానలేదు, వైద్యం వైపు మళ్ళారు. అయినా భౌతికశాస్త్రం నేర్పిన కొలిచే అలవాటు ఆయనను వదలలేదు. 1828లో గుండె బలంపై సమర్పించిన పరిశోధనలో, పాదరసం నింపిన యు ఆకారపు గొట్టంతో జంతువుల రక్తపోటును కొలిచారు. ఈనాటికీ డాక్టరుగారు మన బి.పి.ని పాదరసం మిల్లీమీటర్లలోనే చెబుతారు.

తరువాత ఆయనను పట్టుకున్న ప్రశ్న, వెంట్రుకకన్నా సన్నని నాళాల్లో రక్తం ఎలా పారుతుందన్నది. రక్తం గడ్డకడుతుంది కనుక, స్వేదనజలంతో, గాజు కేశనాళికలతో ప్రయోగాలు మొదలుపెట్టారు. వాటిలో కొన్నింటి లోపలి వ్యాసం 0.015 మిల్లీమీటరే. రెండు గీతలున్న గాజు బుడ్డిని కేశనాళికకు కలిపి, అంతటినీ నీటి తొట్టిలో ఉంచి ఉష్ణోగ్రత మారకుండా చూశారు. గాలి ఒత్తిడితో ద్రవాన్ని నెట్టి, అది పై గీత నుండి క్రింది గీతకు దిగే కాలాన్ని గుర్తించారు. మన ల్యాబు విస్కామీటరుకు మూలం అదే.

ఏళ్ళ తరబడి కొలిచిన ఫలితాలను 1840-41లో ఫ్రెంచి సైన్సు అకాడమీకి నివేదించారు. ప్రవాహం ఒత్తిడిని బట్టి పెరుగుతుంది, గొట్టం పొడవును బట్టి తగ్గుతుంది, వ్యాసాన్ని బట్టి మాత్రం నాలుగవ ఘాతంలో మారుతుంది. అంటే వ్యాసం సగమైతే, మిగతావి మారకపోతే, ప్రవాహం పదహారో వంతుకు పడిపోతుంది. జర్మనీలో హాగెన్ అనే ఇంజనీరు 1839లో విడిగా ఇటువంటి ఫలితమే ప్రకటించారు. అందుకే దానిని ఇద్దరి పేరుతోనూ పిలుస్తారు. 20వ శతాబ్దంలో స్టౌడింగర్ పలుచని పాలిమర్ ద్రావణాల చిక్కదనానికీ, అణువుల పొడవుకూ గల సంబంధాన్ని చూపి, 1953లో నోబెల్ బహుమతి పొందారు. మనం చేసిన పరీక్ష ఆ దారిలోనిదే.

ఆ నాలుగవ ఘాతం విలువ నాకు ఒక రాత్రి షిఫ్టులో తెలిసింది. ముందటి పరీక్ష తరువాత విస్కామీటరును సరిగా కడగలేదు. లోపల పాలిమర్ పొర ఆరిపోయింది. ఉత్త ద్రావణితో పరీక్ష చేయకుండా, రిజిస్టరులోని పాత సెకన్లనే వాడుకున్నాను. కన్నం ఒక శాతం సన్నబడితే కాలం నాలుగు శాతం పెరుగుతుంది! ఫలితం హద్దు దాటింది, బ్యాచి ఆగింది, రియాక్టరు దగ్గరి ఆపరేటరుకు మెమో వెళ్ళింది. ఉదయం గొట్టాన్ని క్రోమిక్ ఆమ్లంతో కడిగి మళ్ళీ చూస్తే బ్యాచి సరిగానే ఉంది. రెండవ ఫలితం వ్రాశాను గాని, తప్పు నాదని చెప్పలేదు. మెమో అతని ఫైలులో ఉండిపోయింది.

ప్వాజెయ్ సైన్సు అకాడమీ సభ్యత్వానికి ప్రయత్నించినా ఎన్నిక కాలేదు. 1860 నాటికి ప్యారిస్ పాఠశాలల ఆరోగ్య తనిఖీ ఉద్యోగంలో ఉన్నారు. 1869లో కన్నుమూశారు. పాయిజ్ అన్న పేరు 1913లో ప్రతిపాదించబడింది, ఆయన దానిని వినలేదు. మెప్పు రాలేదని కొలతలో మాత్రం అశ్రద్ధ చూపలేదు.

ఆ ఆపరేటరు నేడు మన సంఘ సభ్యుడు. నెలనెలా సమావేశంలో నన్ను అన్నా అని పలకరిస్తాడు. తమ్ముడూ, ఆ రాత్రి తప్పు నాది. ఆలస్యమైనా, నలుగురూ చదివే ఈ పుటల్లోనే క్షమాపణ కోరుతున్నాను.